మెడ మీద మంట: సేఫ్టీ రేజరు నేర్చుకుంటున్న ఒక యువకుడి కేసు

నేపథ్యం

హనుమకొండలోని మా చర్మవ్యాధుల క్లినిక్కుకు గడ్డం గీసుకున్నాక మెడ మండుతోందని వచ్చే యువకులు ఏడాది పొడవునా ఉంటారు, ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువగా వస్తారు. వారిలో చాలామందికి నాలుగు జాగ్రత్తలు చెప్పి, వాసన కలపని ఒక మాయిశ్చరైజర్ రాసి పంపితే సరిపోతుంది. ఈ యువకుడికి అది సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో వెతుకుతూ పోయినప్పుడు, రేజర్ బర్న్ (గీసుకున్నాక వచ్చే మంట, ఎరుపు) ఉన్నవారికి మేమంతా చెప్పే “బ్లేడును ఒత్తవద్దు” అనే సలహా ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలిసివచ్చింది. సేఫ్టీ రేజరుతో గీసుకోవడం కొత్తగా నేర్చుకునేవారికి, వారికి సలహా చెప్పేవారికి ఉపయోగపడుతుందని, అతని అనుమతితో, అతన్ని గుర్తుపట్టగల వివరాలు తీసేసి ఈ కేసును రాస్తున్నాను.

అతనికి ఇరవై ఏళ్లు దాటి కొద్ది కాలమే అయింది. ఉత్తర తెలంగాణలోని ఒక పల్లె నుంచి వచ్చి, రోజూ నున్నగా గడ్డం గీసుకునే హాజరు కావాలన్న నియమం ఉన్న ఒక శిక్షణలో చేరాడు. మరో ఇద్దరితో కలిసి కిరాయి గదిలో ఉండేవాడు. ఊళ్లో ఉన్నప్పుడు వారానికోసారి సెలూనుకు వెళ్లడమో, మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ రేజరుతో పైపైన గీసుకోవడమో చేసేవాడు. శిక్షణలో రోజూ గీయవలసి రావడంతో కార్ట్రిడ్జ్‌ల ఖర్చు భారమై, ఇంట్లో పెట్టెలో ఉన్న తండ్రి పాత స్టీలు సేఫ్టీ రేజరును తెచ్చుకున్నాడు. దానిలో వేసే రెండంచుల బ్లేడు కొద్ది రూపాయలకే దొరుకుతుంది. బ్రష్, గుండ్రటి షేవింగ్ సబ్బు కొనుక్కున్నాడు. నేర్పిన వారెవరూ లేరు. ఈ పనిని ఇష్టపడి నేర్చుకోవాలన్న ఆసక్తి అతనిలో ఉందని కూడా ఇక్కడే రాయాలి, ఎందుకంటే చికిత్సలో నేను తీసుకున్న కొన్ని నిర్ణయాలకు ఆ ఆసక్తే ఆధారం. ట్రిమ్మరు వాడమని చెప్పి పంపేయడం నాకు సులువు, కానీ అతనికి కావలసింది అది కాదు.

ఈ రెండు రకాల రేజర్ల తేడా గురించి ఒక మాట చెప్పాలి. కింగ్ క్యాంప్ జిలెట్‌కు 1904లో పేటెంటు వచ్చిన రెండంచుల రేజరులో తల కదలదు. బ్లేడు చర్మాన్ని ఏ కోణంలో తాకాలో, ఎంత బరువు పడాలో పూర్తిగా చెయ్యే నిర్ణయించాలి. కార్ట్రిడ్జ్‌లో తల తనంతట తాను వంగుతుంది, ఒత్తిడిని బ్లేడ్లు, వాటి ముందు ఉండే పట్టీ కలిసి పంచుకుంటాయి. అందువల్ల కార్ట్రిడ్జ్ వాడిన చేతికి కొంచెం నొక్కి లాగే అలవాటు తెలియకుండానే పడిపోతుంది, ఆ చెయ్యి సేఫ్టీ రేజరు పట్టుకున్నా అలాగే నొక్కుతుంది. చర్మపు పైన ఉండే మృతకణాల పొర మందం 0.01 నుంచి 0.02 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది కనుక, ఆ నొక్కుడు వెంట్రుకతో పాటు ఆ పొరను కూడా గీకేస్తుంది. రేజర్ బర్న్ అని మనం పిలిచేది ప్రధానంగా ఈ గీకుడు వల్ల కలిగే మంట, ఎరుపు.

సమస్య, పరీక్ష

“గీసుకుంటున్నప్పుడు ఏం తెలుస్తలేదు సార్, నీళ్లు పోసుకుంటెనే మంట లేస్తది. కాలరు తాకితె ఇంకింత ఎక్కువైతది” అన్నాడు. దవడ కింద రెండు వైపులా, మెడ ఎడమ భాగంలో కింది వరకు చర్మం ఎర్రగా ఉంది, సూదిమొనంత రక్తపు చుక్కలు ఎండి కనిపిస్తున్నాయి. అక్కడక్కడా వెంట్రుక కుదుళ్ల చుట్టూ చిన్న గట్టి పొక్కులు ఉన్నాయి. చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోపుతో చూస్తే చర్మం కింద వంగి ఉన్న వెంట్రుకలు రెండు మూడు చోట్ల కనిపించాయి. చెంపల మీద ఎరుపు తక్కువగా ఉంది, పై పెదవి మీద అసలు లేదు. మీసం వెంట్రుకే అన్నిటికన్నా బిరుసుగా ఉన్నా అక్కడ గాయం లేకపోవడం నన్ను ఆలోచింపజేసింది. పై పెదవి దగ్గర ఎవరైనా చిన్న చిన్న గీతలే పెడతారు, చర్మం వెనుక పళ్లు ఆనుకుని ఉంటాయి, తెగుతుందన్న భయంతో చెయ్యి తేలికవుతుంది. మెడ దగ్గర ఈ మూడూ ఉండవు.

గడ్డం ప్రాంతంలో ఎర్రగా కనిపించేదంతా రేజర్ బర్న్ కాదు, అందుకే ఒక్కొక్కదాన్నీ పక్కన పెట్టుకుంటూ రావాలి. గీసుకున్న నిమిషాల్లో మొదలై, వదిలేస్తే రెండు మూడు రోజుల్లో తగ్గేది రేజర్ బర్న్. కొనకోసిన వెంట్రుక చర్మంలోకే తిరిగి పెరగడం వల్ల వచ్చే పొక్కులు కొన్ని రోజులు ఆలస్యంగా లేస్తాయి, గట్టిగా ఉంటాయి. కుదురు మధ్యలో చీము తల ఉంటే బాక్టీరియా గురించి ఆలోచిస్తాం. పొలుసులతో, అంచు పాకుతూ, వెంట్రుక పట్టి లాగితే సులువుగా ఊడివస్తుంటే తామర అని అనుమానిస్తాం. సబ్బులోనో ఆఫ్టర్ షేవ్‌లోనో ఉన్న సుగంధానికి అలర్జీ అయితే మంటకన్నా దురద ఎక్కువ, ఒకటి రెండు రోజుల తర్వాత పెరుగుతుంది, పూసిన మేరంతా పరుచుకుంటుంది. ఇతనికి ప్రధానంగా మొదటిది, కొద్దిగా రెండోది ఉన్నట్టు తోచింది. అయినా పొలుసు గీకి, తామరకు కారణమైన ఫంగస్ ఉందేమో చూసే కేఓహెచ్ పరీక్ష చేయించాను, ఫంగస్ కనిపించలేదు.

ఆ పరీక్ష చేయించడానికి ఒక కారణం ఉంది. నా దగ్గరికి వచ్చేలోపే అతను మందుల దుకాణంలో అడిగి ఒక క్రీము తెచ్చుకుని కొన్ని వారాలు రాశాడు. అందులో గాఢమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసి ఉన్నాయి. ఇలాంటి కలగలుపు క్రీములు రాసిన చోట తామర ఉన్నా దాని రూపం మారిపోయి కంటికి చిక్కదు. పైగా ముఖం, మెడ మీద చర్మం పలచన కనుక స్టెరాయిడ్ ఎక్కువగా ఇంకుతుంది. రాసినప్పుడు ఎరుపు అణిగి, మానగానే రెట్టింపై లేస్తుంది, వారాల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది. అంటే బ్లేడు గీకేయడానికి ఇంకొంత అనువుగా తయారవుతుంది. స్టెరాయిడ్ పూతమందులను 2018లో షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితా కిందికి తెచ్చి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్నారు. ఆ నియమం కాగితం దాటి దుకాణం బల్ల మీదికి రాకపోవడం వల్ల జరిగే నష్టాన్ని మేము రోజూ ముఖాల మీద చూస్తున్నాం.

క్రీముతో పాటు అతను చేసినవి ఇంకా ఉన్నాయి. నురగకు ముందు కొబ్బరి నూనె రాశాడు. గీసుకున్నాక పటిక గట్టిగా రుద్ది, కడగకుండా వదిలేశాడు. ఆ పైన ఆల్కహాలు ఉన్న ఆఫ్టర్ షేవ్ చల్లాడు. గదిలో ఉన్న మిత్రుడు చెప్పాడని కింది నుంచి పైకి “ఉల్టా” కూడా గీయడం మొదలుపెట్టాడు. ఒక బ్లేడును రెండు వారాల దాకా సాగదీశాడు.

మొదటి దశ: ఏది చేసినా ఆగనిది

ముందుగా గడ్డం గీయడమే ఆపాలనుకున్నాను. గాయం ఉన్న చర్మం మీద ఎంత నేర్పుగా గీసినా కొత్త గాయమే అవుతుంది, పైగా గీయడం ఆపితే తగ్గుతుందా లేదా అన్నదే ఒక పరీక్ష. శిక్షణ అధికారులకు చూపించడానికి వారానికి పైగా మినహాయింపు కోరుతూ వైద్య ధ్రువపత్రం ఇచ్చాను. దుకాణం క్రీము పూర్తిగా మాన్పించాను. మంట తగ్గడానికి మూడు రోజులు తేలికపాటి స్టెరాయిడ్ అయిన హైడ్రోకార్టిసోన్ ఇవ్వడం చాలా సందర్భాల్లో సబబే, అయితే అప్పటికే స్టెరాయిడ్‌కు అలవాటుపడిన చర్మం కనుక అది కూడా వద్దనుకుని, చల్లటి తడిగుడ్డ, వాసనలేని మాయిశ్చరైజర్‌తోనే నడిపించాను. క్రీము మానిన మొదటి కొన్ని రోజులు ఎరుపు పెరుగుతుందని ముందే చెప్పి ఉంచాను. అలా చెప్పకపోతే రోగి మళ్లీ అదే క్రీము దగ్గరికి పోతాడు. ఆఫ్టర్ షేవ్‌కు అలర్జీ ఉందేమో తేల్చుకోవడానికి దాన్ని మోచేతి లోపలి వైపు ఒకే చోట రోజుకు రెండుసార్లు చొప్పున ఒక వారం రాయమన్నాను. అక్కడ ఏమీ రాలేదు. కాబట్టి మెడ మీద అది మండడానికి అలర్జీ కారణం కాదు, తెగిన చర్మం మీద ఆల్కహాలు పడటమే.

సెలవు ముగిసేసరికి చర్మం చాలావరకు కుదుటపడింది. అప్పుడు మళ్లీ మొదలుపెట్టే పద్ధతి కాగితం మీద రాసి ఇచ్చాను: కొత్త బ్లేడు, రేజరు పిడిని చెంపకు సుమారు 30 డిగ్రీల కోణంలో పట్టడం, ఒత్తకుండా రేజరు బరువుతోనే లాగడం, చిన్న గీతలు, వెంట్రుక వాలుకే గీయడం, నూనె వద్దు, ఆఫ్టర్ షేవ్ వద్దు. కోణం పట్టుకునే తీరు చేసి చూపించాను. రేజరు తల పై భాగాన్ని చెంపకు ఆనించి, పిడిని నెమ్మదిగా కిందికి దించుతూ పోతే బ్లేడు వెంట్రుకను తాకిన క్షణం వేళ్లకు తెలుస్తుంది, అక్కడ ఆపాలి.

వారం తిరగకముందే అదే మెడతో, అదే మంటతో వచ్చాడు. కాగితంలో ఉన్నవన్నీ చేశానన్నాడు. ఒత్తుతున్నావా అని అడిగితే “ఒత్తుతలేను సార్, మీరు చెప్పినట్టే పట్టుకుంటున్న” అన్నాడు. అతను అబద్ధం చెబుతున్నట్టు నాకు అనిపించలేదు. సలహాలోనూ తప్పు లేదు. ఈ రెండింటినీ నమ్మితే మిగిలే దారి ఒకటే: అతను గీసుకుంటుండగా చూడాలి. చర్మవైద్యంలో మేము గాయాన్ని ఎంతో శ్రద్ధగా చూస్తాం గానీ గాయం అవుతున్న పనిని చూడటం అరుదు. రెండు రోజులు గడ్డం పెంచి, రేజరు, బ్రష్, సబ్బుతో పాటు గదిలో వాడే నీళ్లు కూడా ఒక సీసాలో తెమ్మన్నాను. నీళ్లు ఎందుకు తెమ్మన్నానంటే, వేరే నీటితో చేయించి అతని సమస్యను చూశానని అనుకోలేను.

క్లినిక్కులో చూసినది

తడి బ్రష్‌ను సబ్బు మీద తిప్పగానే పెద్ద పెద్ద బుడగలు లేచాయి. ముఖానికి పట్టించిన నిమిషంలోపే అవి చిట్లిపోయి, ఎడమ చెంప మీద పలచని తెల్లటి పొర మిగిలింది. వేలితో తాకి చూశాను, జారలేదు, గరుకుగా అంటింది. అతను గీయడం మొదలుపెట్టాడు. మొదటి గీతకు రేజరు సగంలో ఆగింది, రెండోసారి కదిలింది. దవడ ఎముక దాటి మెడ మీదికి రాగానే, బ్లేడు కదలడానికి ముందే రేజరు తల కింద చర్మం తెల్లబడటం కనిపించింది. అంటే అక్కడి రక్తం పక్కకు తప్పుకునేంత ఒత్తిడి పడుతోంది. ఒకే చోట మూడోసారి గీసేసరికి అక్కడ నురగ అన్నదే లేదు. ఇంత జరుగుతున్నా తాను ఒత్తుతున్నానని అతనికి తెలియదు. నేను చెప్పలేదు కూడా.

ఎడమ వైపు అయ్యాక బ్రష్ కడిగించి, క్లినిక్కులో తాగే శుద్ధి చేసిన నీళ్లు ఒక గిన్నెలో ఇచ్చి కుడి వైపు అదే సబ్బుతో చేయమన్నాను. గీసే తీరు గురించి ఏ సూచనా ఇవ్వలేదు. ఈసారి బుడగలు కంటికి ఆననంత చిన్నవిగా, నురగ చిక్కగా, తళతళలాడుతూ వచ్చింది, గీత పూర్తయ్యేదాకా చెంప మీద నిలిచింది. రేజరు ఆగకుండా జారింది. మెడ మీద చర్మం తెల్లబడలేదు. అదే మనిషి, అదే చెయ్యి, అదే బ్లేడు, ఒత్తడం మాత్రం చాలావరకు పోయింది.

ఇక్కడ తొందరపడి నిర్ణయానికి రాకూడదు. రెండో వైపు గీసేసరికి చెయ్యి కుదిరి ఉండవచ్చు, కుడిచేతివాటం మనిషికి కుడి చెంప సులువై ఉండవచ్చు. అందుకని తర్వాతిసారి వచ్చినప్పుడు వైపులు మార్చి, కుడి వైపు అతని నీళ్లతో, ఎడమ వైపు క్లినిక్కు నీళ్లతో చేయించాను. మంచి నీళ్లు ఎటు ఉంటే అటే చెయ్యి తేలికైంది.

నీళ్ల పాత్ర

వరంగల్, హనుమకొండ, కాజీపేటలకు నల్లా నీళ్లు ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నుంచి శుద్ధి అయి వస్తాయి. కానీ కిరాయి గదుల్లో, హాస్టళ్లలో పైన ఉన్న ట్యాంకు నిండేది చాలా చోట్ల బోరు నీళ్లతోనే. ఇక్కడి గ్రానైటు నేలల్లో లోతు నుంచి వచ్చే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. పప్పు ఉడకని, సబ్బు నురగ రాని నీళ్లని ఇంట్లో ఆడవాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం (ఈ లవణాల మోతాదు) లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. అతను తెచ్చిన సీసాలో కాఠిన్యం చూసే పరీక్ష పట్టీ ముంచితే రంగు అన్నిటికన్నా ఎక్కువ కాఠిన్యం చూపే చివరి గడికి చేరింది.

షేవింగ్ సబ్బు ముఖ్యంగా స్టియరిక్ ఆమ్లానికి సోడియం, పొటాషియం చేరిన లవణం. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం ఆ సోడియం, పొటాషియాల స్థానాన్ని ఆక్రమిస్తే, నీళ్లలో కరగని తెల్లటి తెట్టు తయారవుతుంది. బకెట్టు అంచున పేరుకునేది ఇదే. నురగ కావలసిన సబ్బు ఇలా తెట్టుగా పోతుంది, పైగా ఆ తెట్టు చర్మానికి అంటుకుంటుంది. నురగ పని ముఖాన్ని తెల్లగా చేయడం కాదు. బ్లేడుకూ చర్మానికీ మధ్య జారుడు పొరగా ఉండటం, వెంట్రుక చుట్టూ నీటిని పట్టి ఉంచడం దాని అసలు పని. గడ్డం వెంట్రుక రెండు మూడు నిమిషాలు నీటిలో నానితే ఉబ్బి మెత్తబడి, పొడి వెంట్రుకకన్నా చాలా తక్కువ బలానికే తెగుతుంది. ఇతని విషయంలో నురగ నిలవలేదు, వెంట్రుక నానలేదు, జారుడు లేదు. బ్లేడు ఆగినప్పుడు చెయ్యి ఏం చేస్తుంది? నొక్కుతుంది. కనుక “ఒత్తవద్దు” అని ఎన్నిసార్లు చెప్పినా, ఒత్తితే తప్ప తెగని వెంట్రుకను అతని చేతికి ఇచ్చి ఆ మాట చెబుతున్నట్టే అయింది. ఒత్తిడి ఇక్కడ కారణం కన్నా ఎక్కువగా ఫలితం. ఈ కేసు నాకు విలువైనదిగా తోచింది ఈ ఒక్క విషయం వల్లనే.

బ్లేడు మొద్దుబారడం కూడా ఇదే గొలుసులోకి వస్తుంది. వెంట్రుక ఉక్కుకన్నా సుమారు 50 రెట్లు మెత్తన, అయినా బ్లేడు అంచును దెబ్బతీస్తుంది. అది ఎలా జరుగుతుందో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో సైన్స్ పత్రికలో వివరించారు: వెంట్రుక వంగి అంచుకు ఏటవాలుగా ఒత్తుకున్నప్పుడు, ఉక్కు నిర్మాణం సమంగా లేని చోట అంచు నుంచి సూక్ష్మమైన పెచ్చులు లేస్తాయి. రెండు వారాలు వాడిన బ్లేడు చర్మం మీద ఎందుకు గీరుకుంటుందో దీన్ని బట్టి ఊహించవచ్చు. ఒక బ్లేడుతో మూడు నాలుగుసార్లకు మించి గడ్డం గీయవద్దని, అంటే రోజూ గీసుకునేవారికి మూడు నాలుగు రోజులకొక బ్లేడని చెప్పాను. బ్లేడును తువ్వాలుతో తుడవకుండా, కడిగి విదిలించి ఆరనివ్వమన్నాను.

రెండో దశ: ఒక్కొక్కటిగా

ఏది పనిచేస్తోందో తెలియాలంటే అన్నీ ఒకేసారి మార్చకూడదు. కనుక మొదటి వారం నీళ్లొక్కటే మార్చాను. నురగకు, గీతల మధ్య ముఖం తడపడానికి తాగే నీళ్లు ఒక చిన్న గిన్నెడు చాలు. రేజరు కడగడానికి, కడపట ముఖం కడగడానికి బోరు నీళ్లు వాడుకోవచ్చు, ఆఖరి దోసెడు మాత్రం మంచి నీళ్లు ఉండాలి. నీళ్లు కాచి వాడవచ్చా అని అడిగాడు. కాచితే తాత్కాలిక కాఠిన్యం మాత్రమే పోతుంది, శాశ్వత కాఠిన్యం అలాగే ఉంటుంది కాబట్టి దాని మీద ఆధారపడవద్దన్నాను. బ్రష్‌ను ముందు నానబెట్టి, విదిలించి, సబ్బు మీద నిమిషం తిప్పి, ముఖం మీద గుండ్రంగా మరో రెండు నిమిషాలు తిప్పుతూ మధ్య మధ్య చుక్క చుక్క నీళ్లు చేర్చమన్నాను. గీసేటప్పుడు చెవి పెట్టి వినమన్నాను, చిటపట సన్నగా వినిపిస్తే కోస్తోంది, గీరుకునే శబ్దం వస్తే ఆపి నురగ మళ్లీ పట్టించాలి.

ఆ వారం చివర చెంపలు, గదవ పూర్తిగా శుభ్రపడ్డాయి. మెడ కుడి వైపు మంట సగానికి పైగా తగ్గింది. ఎడమ వైపు కింది భాగంలో మాత్రం ఎరుపు, పొక్కులు దాదాపు అలాగే ఉన్నాయి. నీళ్లతో వివరించలేని ముక్క అదొక్కటే మిగిలింది.

వాలుకు గీయమని నేను రాసిన మాటను అతను పై నుంచి కిందికి గీయమని అర్థం చేసుకున్నాడు. నేర్చుకునే చాలామంది అలాగే అర్థం చేసుకుంటారు, చెంపల మీద అది సరిపోతుంది కూడా. మెడ మీద వెంట్రుక అలా ఒకే దిక్కుకు ఉండదు. ఈదురుగాలికి పడిపోయిన వరి చేను ఒక మడిలో తూర్పుకు, పక్క మడిలో దక్షిణానికి వాలినట్టు, అంగుళం దూరంలోనే వాలు మారిపోతుంది. రెండు రోజుల గడ్డం మీద పలచని ప్లాస్టిక్ కార్డు అంచును నాలుగు వైపులా జరిపించాను. ఆనుకోకుండా జారితే అది వాలు, టిక్కుటిక్కుమని అడ్డుకుంటే ఎదురు. కాగితం మీద ముఖం బొమ్మ గీసి బాణాలు పెట్టుకుంటూ పోయాం. గొంతు ముడికి ఎడమ వైపు వెంట్రుకలు కింది నుంచి పైకి, చెవి వైపు వాలి, ఒకచోట సుడి తిరిగి ఉన్నాయి. అంటే అతను వాలుకు గీస్తున్నాననుకుంటూ, సరిగ్గా అక్కడే ప్రతిరోజూ మొదటి గీతే ఎదురు గీస్తున్నాడు. ఎదురు గీత వెంట్రుకను పైకి లాగి చర్మం మట్టానికి కిందుగా కోస్తుంది, అది మళ్లీ పెరిగేటప్పుడు పక్క గోడలోకి గుచ్చుకుని పొక్కవుతుంది. చర్మాన్ని గట్టిగా సాగదీసి పట్టడం వల్ల కూడా ఇదే జరుగుతుంది. అతను మెడను వెనక్కి విరిచి, ఎడమ చేత్తో చర్మాన్ని కిందికి లాగి పట్టేవాడు. చర్మం మడత పడకుండా ఉండేంత మాత్రమే పట్టుకుంటే చాలునన్నాను.

రెండో వారం బాణాల ప్రకారం గీయించాను. సుడి ఉన్న చోట ఏ ఒక్క దిక్కూ పూర్తిగా వాలు కాదు కనుక అక్కడ అడ్డంగా, ఒకే ఒక్క గీత. మిగతా మెడ అంతా వాలుకు ఒకసారి, మళ్లీ నురగ పట్టించి అవసరమైతే అడ్డంగా ఒకసారి. ఎదురు గీత ఎక్కడా లేదు. పొక్కులు కొత్తవి రావడం ఆగింది.

ఇక వేళ సంగతి. శిక్షణకు తెల్లవారుజామునే పోవాలి కాబట్టి అతను నిద్ర లేవగానే, స్నానానికి ముందు, హడావుడిగా గీసుకునేవాడు. వెంటనే పరుగు, చెమట, మెడకు బిగిసే కాలరు. మే నెలలో 40 డిగ్రీలు దాటే వరంగల్ ఎండలో, అప్పుడే గీకిన చర్మం మీద చెమట ఉప్పు, కాలరు రాపిడి రెండూ రోజంతా పనిచేస్తాయి. రాత్రి స్నానం అయ్యాక గీసుకోమన్నాను. స్నానంతో వెంట్రుక నానుతుంది, తొందర ఉండదు, చర్మం కోలుకోవడానికి రాత్రంతా దొరుకుతుంది. తెల్లారేసరికి పెరిగిపోతుందేమోనని అతను భయపడ్డాడు. గడ్డం రోజుకు పెరిగేది సుమారు 0.4 మిల్లీమీటర్లు, ఎనిమిది గంటల్లో దానిలో మూడో వంతు. తనిఖీలో అది కనిపించదని లెక్క వేసి చూపించాక ఒప్పుకున్నాడు.

పటిక విషయంలో నేను తీసుకున్న నిర్ణయంతో ఏకీభవించని వైద్యులు ఉండవచ్చు. పటిక చర్మాన్ని బిగిస్తుంది, సన్నటి రక్తపు చుక్కలను ఆపుతుంది. కానీ తెగిన చర్మం మీద రుద్ది వదిలేస్తే ఎండగట్టి ఇంకా మండిస్తుంది. పూర్తిగా మానమని చెప్పవచ్చు. అయితే అది ఇంట్లో పెద్దలు చేసే పని, మానమన్నా ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ చేస్తాడు. అందుకని దాన్ని కొలతకు వాడుకున్నాను. గీసుకున్నాక తడి పటికను రుద్దకుండా ఒక్కసారి జరిపి, అర నిమిషంలో మంచి నీళ్లతో కడిగేయాలి. ఆ అర నిమిషంలో ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఆ రోజు బ్లేడు ఎక్కువగా తగిలిందని గుర్తు. చురుక్కుమన్న చోటును ముఖం బొమ్మ మీద చుక్క పెట్టుకోమన్నాను. చేతికి తెలియని ఒత్తిడి పటికకు తెలిసింది. మొదట దవడ కింద గుంపుగా ఉన్న చుక్కలు వారం వారం పలచబడటం అతనే చూసుకున్నాడు, నా మాటలకన్నా ఆ కాగితమే అతనికి ఎక్కువ నేర్పింది. కడిగాక తువ్వాలుతో అద్ది, గ్లిసరిన్ ఉన్న వాసనలేని మాయిశ్చరైజర్ రాసుకోవాలి, ఇంకేమీ అక్కర్లేదు.

సెలూనుకు వెళ్లినప్పుడు ఏం చేయాలని మధ్యలో అడిగాడు. కొత్త బ్లేడు తన కళ్ల ముందే విప్పి వేయించుకోవాలని, పటిక ముక్క అందరి ముఖాల మీదా తిరిగేదైతే వద్దనాలని చెప్పాను. హెపటైటిస్ బి, హెచ్ఐవి వంటివి రక్తం అంటిన బ్లేడు ద్వారా సోకే అవకాశం ఉంది, పటికతో రుద్దితే బ్లేడు శుద్ధి కాదు.

ఇప్పటి పరిస్థితి

నాలుగో వారం దాటేసరికి మంట పోయింది, చర్మం కింద వంగిన వెంట్రుకలు బయటికి వచ్చాయి. మానిన పొక్కుల చోట గోధుమరంగు మచ్చలు ఉన్నాయి. మన చర్మపు ఛాయలో అవి పోవడానికి నెలలు పడుతుందని, ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకోవాలని, మచ్చల కోసం మళ్లీ దుకాణం క్రీముల జోలికి పోవద్దని చెప్పాను. నీళ్లు, గీసే దిక్కు, వేళ అనే మూడు మార్పుల్లో నీళ్ల మార్పుకే ఎక్కువ ఫలితం దక్కిందని నా అంచనా, ఎందుకంటే మిగతా రెండూ మొదలుకాకముందే చెంపలు బాగయ్యాయి. రాత్రి వేళకు మార్చడం వల్ల ఎంత మేలు జరిగిందో విడిగా చెప్పలేను, అప్పటికి చర్మం ఎటూ కోలుకుంటూ ఉంది.

మా క్లినిక్కులో ఇచ్చే కాగితాన్ని దీని తర్వాత మార్చాం. “ఒత్తవద్దు” అన్న మాట అందులో ఇప్పటికీ ఉంది, అయితే దానికి ముందు నురగ ఏ నీళ్లతో చేస్తున్నారని, అది గీత అయ్యేదాకా నిలుస్తోందా అని అడుగుతున్నాం. బాణాలు గీసుకోవడానికి ఖాళీ ముఖం బొమ్మ కూడా వెనుక వైపు అచ్చు వేయించాం. రెండు వారాల్లో తగ్గకపోయినా, చీము పొక్కులు లేచినా, పొలుసుతో అంచు పాకుతున్నా గీయడం ఆపి చూపించుకోవాలని కింద రాశాం.

చర్మం బాగయింది కదా, ఇక ఎదురు గీయవచ్చా అని చివరిసారి వచ్చినప్పుడు అడిగాడు. చెంపల మీద, మూడో గీతగా, మళ్లీ నురగ పట్టించి ప్రయత్నించవచ్చని, పటిక చురుక్కుమంటే మర్నాడు మానేయమని చెప్పాను. మెడ మీద ఇంకా కొన్ని నెలలు ఆగాలి. గొంతు ముడి పక్కన సుడి ఉన్న చోట మాత్రం ఎప్పటికీ వద్దు. అక్కడ మిగిలే కొద్దిపాటి గరుకు వేలికి తెలుస్తుందే తప్ప కంటికి కనిపించదు, తనిఖీలోనూ ఇంతవరకు ఎవరూ దానికి అభ్యంతరం చెప్పలేదట.